నీళ్లు అద్దంలా ఉన్నాయి, అయినా చేపలు చనిపోతున్నాయి. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

బుడగల_ఇల్లు · జూన్ 3, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడికి కొత్త, చేపలకీ కొత్తే. పన్నెండు రోజుల కిందట మా పాప పోరు పడలేక చిన్న అక్వేరియం కొన్నాం. పొడవు 45 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 30. వెనక తగిలించే ఫిల్టర్, అడుగున రంగు గులకరాళ్లు, ఒక ప్లాస్టిక్ మొక్క. "ఒక రోజు ఫిల్టర్ ఆడించి చేపలు వేసేయండి" అన్నారు కొన్నచోట. అలాగే చేశాం. మూడు గోల్డ్‌ఫిష్‌లు, నాలుగు గప్పీలు, అద్దానికి పట్టే పాచి తింటుందని ఒక సక్కర్ ఫిష్.

అయిదో రోజు ఒక గప్పీ పోయింది. మురికి వల్లేమో అని ట్యాంక్ మొత్తం ఖాళీ చేసి, రాళ్లనీ ఫిల్టర్‌లో స్పాంజినీ కుళాయి కింద పెట్టి, మురికి పూర్తిగా వదిలేదాకా కడిగి కొత్త నీళ్లు పోశాను. మూడు రోజులకి ఇంకో గప్పీ, దాంతోపాటు ఒక గోల్డ్‌ఫిష్. మళ్లీ మొత్తం కడిగాను, ఈసారి ఇంకా గట్టిగా. ఇవాళ పొద్దున లేచేసరికి ఇంకో గోల్డ్‌ఫిష్ తేలుతోంది. మిగిలినవి నీటి పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి.

నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. ఇంతకన్నా శుభ్రంగా ఎలా ఉంచాలో నాకు తెలియడం లేదు. పాప ప్రతి చేపకీ పేరు పెట్టింది, నా అసలు టెన్షన్ అదే.

ఒంటరి_బెట్టా · జూన్ 3, రాత్రి 9:20

ముందు మేత ఆపేయండి. రెండు రోజులు తిండి లేకపోయినా వాటికేం కాదు. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ (కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ని పోగొట్టే మందు) కలుపుతున్నారా?

బుడగల_ఇల్లు · జూన్ 3, రాత్రి 9:23

అదేంటండీ? కుళాయి నీళ్లు నేరుగా పోశాను.

పాతతొట్టి · జూన్ 3, రాత్రి 9:41

అమ్మా, ముందు ఈ రాత్రి గట్టెక్కే సంగతి చూద్దాం. కారణాలు రేపు మాట్లాడుకోవచ్చు.

ఫిల్టర్ జోలికి వెళ్లకండి. రాళ్లు ముట్టుకోకండి. మూడో వంతు నీళ్లు తీసి, అంతే కొత్త నీళ్లు పోయండి. చెయ్యి పెట్టి చూస్తే రెండు నీళ్లకీ వేడిలో తేడా తెలియకూడదు. యాంటీ క్లోరిన్ సీసా దొరికితే బకెట్‌లో కలిపి, కాసేపు ఆగి పోయండి. దొరక్కపోతే, నిన్నటినుంచి మూత లేకుండా నిలవున్న నీళ్లు ఇంట్లో ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఒక రోజు తెరిచి ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. ఒక చిక్కుంది: కొన్నిచోట్ల క్లోరిన్ బదులు క్లోరమిన్ కలుపుతారు. అది అంత సులువుగా ఎగిరిపోదు. మీ కుళాయిలో వచ్చేది ఏదో తెలియనప్పుడు మందు చుక్కలే నయం.

ట్యాంక్‌ని అంచుదాకా నింపకండి. మూడు వేళ్లు తక్కువ ఉంచితే ఫిల్టర్ నీళ్లు కాస్త ఎత్తునుంచి పడి పైపొరని కదిలిస్తాయి. గాలిలోని ఆక్సిజన్ నీళ్లలోకి దిగేది ఆ పైపొర దగ్గరే.

బుడగల_ఇల్లు · జూన్ 3, రాత్రి 10:55

మా ఆయన పరుగెత్తి సీసా తెచ్చారు. చెప్పినట్టే చేశాను. గప్పీలు కాస్త కిందికి దిగాయి. గోల్డ్‌ఫిష్ ఇంకా పైనే ఉంది. సక్కర్ ఎప్పటిలా మూలన అతుక్కుని ఉంది, దానికి ఏమీ పట్టినట్టు లేదు.

పాతతొట్టి · జూన్ 4, ఉదయం 7:30

ఇప్పుడు కారణం చెప్తాను, బాధపడొద్దు. మీ చేపల్ని చంపింది మీ శుభ్రమే. ఇక్కడున్నవాళ్లలో చాలామంది మొదటి ట్యాంక్‌ని ఇలాగే పోగొట్టుకున్నారు, నాతో సహా.

చేప ఊపిరి తీసినంతసేపూ మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతూ ఉంటుంది. దాని మలం, అడుగున పడ్డ మేత కుళ్లినా వచ్చేది అదే. అమ్మోనియాకి రంగు లేదు. చేప ప్రాణం తీసేంత ఉన్నా మనకి వాసన రాదు. అందుకే నీళ్లు అద్దంలా కనిపిస్తున్నాయి. చెరువులో అయితే అది ఎంతో నీళ్లలో పలచబడిపోతుంది. మీ ట్యాంక్ కొలతలు గుణిస్తే 40 లీటర్లు. రాళ్లు, పైన ఖాళీ తీసేస్తే నిజంగా ఉన్న నీళ్లు 35 లీటర్లు. అందులో ఎనిమిది చేపలు.

దీన్ని సరిచేసేది బ్యాక్టీరియా. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అది కూడా విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంత పేరుకున్నా చేప తట్టుకుంటుంది. దాన్ని మనం వారం వారం నీళ్లు మార్చి తీసేస్తాం. ఈ మొత్తం ఏర్పాటు కుదురుకోవడాన్నే సైకిల్ అవడం అంటారు. మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఒక రోజు ఫిల్టర్ ఆడిస్తే ఏమీ అవదు, మోటారు పనిచేస్తోందో లేదో తెలుస్తుంది, అంతే.

ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలేది తక్కువ. స్పాంజినీ రాళ్లనీ అద్దాన్నీ పట్టుకుని పలచటి జిగురు పొరలా పెరుగుతుంది. చేత్తో తడిమితే మనకి మురికిలానే ఉంటుంది. మీరు రెండుసార్లు కుళాయి కింద పెట్టి వదిలించింది దాన్నే. పైగా ఆ నీళ్లలో క్లోరిన్ ఉంది, దాని పనే బ్యాక్టీరియాని చంపడం.

స్పాంజి అసలు కడగకూడదని కాదు. నీళ్లు పారడం మందగించినప్పుడు, ట్యాంక్‌లోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి. స్పాంజి గోధుమరంగులోనే ఉండాలి. కొత్తదానిలా చేయాలని చూడకండి. సబ్బు మాత్రం ట్యాంక్‌కి సంబంధించిన ఏ వస్తువుకీ, ఎప్పటికీ తగలకూడదు.

మొప్పలు · జూన్ 4, ఉదయం 9:05

పాతతొట్టి గారు చెప్పినదానికి కొంచెం లెక్క జోడిస్తాను, ఇష్టంలేనివాళ్లు దాటేయొచ్చు.

అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం, అంత ప్రమాదం కాదు. ఇంకోటి విడి అమ్మోనియా, మొప్పల్ని కాల్చేది ఇదే. ఏది ఎంత ఉండాలో పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె), ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే విషరూపం 0.6 శాతం లోపే. అదే పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. అంటే నీళ్లు కొలిచే టెస్ట్ కిట్‌లో ఒకే అంకె చూపించినా ఒకరి ట్యాంక్‌లో చేపలు తిరుగుతుంటాయి, ఇంకొకరి ట్యాంక్‌లో తేలుతుంటాయి. "నా దగ్గర అంతే ఉంది, ఏమీ కాలేదు" అని ఎవరైనా అంటే ముందు పీహెచ్ ఎంతో అడగండి.

నైట్రైట్ పని వేరు. అది రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని పాడుచేస్తుంది, రక్తం గోధుమరంగుకి మారుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉన్నా చేపకి అందదు. అందుకే పైకొచ్చి గుటకలు వేస్తుంది.

ఇంకో చిన్న ముచ్చట. నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే ఆ రెండో పని నైట్రోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా చేస్తుందని చాలాకాలం అనుకున్నారు. అక్వేరియంలలో ఆ పని ముఖ్యంగా చేసేది నైట్రోస్పైరా అని 1998లో తేలింది. 2015లో అయితే రెండు మెట్లూ ఒక్కటే ఎక్కేయగల నైట్రోస్పైరా రకాలు కూడా బయటపడ్డాయి, వాటిలో కొన్ని చేపల పెంపకం ఫిల్టర్‌లోనే. పాత పోస్టుల్లో వేరే పేర్లు చదివితే కంగారు పడకండి.

నీటిబొట్టు · జూన్ 4, మధ్యాహ్నం 1:15

ఇవన్నీ పుస్తకాల మాటలు. నేను పదిహేనేళ్లుగా ప్రతి ఆదివారం నీళ్లు మొత్తం మార్చేస్తాను. టెస్ట్ కిట్ మొహం చూడలేదు. నా చేపలు నిక్షేపంలా ఉన్నాయి. కొత్తవాళ్లని లేనిపోని పేర్లతో బెదరగొట్టకండి.

పాతతొట్టి · జూన్ 4, మధ్యాహ్నం 1:40

బెదరగొట్టడానికి కాదు సార్. మీ ట్యాంక్ ఎంత, చేపలెన్ని, నీళ్లెక్కడివి? రాళ్లూ స్పాంజీ కూడా కడుగుతారా?

నీటిబొట్టు · జూన్ 4, మధ్యాహ్నం 2:02

120 లీటర్లు. ఆరు చేపలు. బోరు నీళ్లు. రాళ్లెందుకు కడుగుతాను, మొక్కల వేర్లు అల్లుకుని ఉన్నాయి. స్పాంజి ఎప్పుడో నీళ్లు సరిగా రానప్పుడు పిండుతాను.

మొప్పలు · జూన్ 4, మధ్యాహ్నం 2:10

మీరు నీళ్లు మారుస్తున్నారు, బ్యాక్టీరియాని కదపడం లేదు. బోరు నీళ్లలో మామూలుగా క్లోరిన్ ఉండదు. పైగా మొక్కలు అమ్మోనియాని నేరుగా తాగేస్తాయి. మీరు కిట్ చూడకుండానే అన్నీ సరిగ్గా చేస్తున్నారు సార్.

నీటిబొట్టు · జూన్ 4, మధ్యాహ్నం 2:31

ఏమో. నేను చెప్పేది నీళ్లు మార్చడం మంచిదని.

పాతతొట్టి · జూన్ 4, మధ్యాహ్నం 2:45

అందులో మనకి పేచీ లేదు. కొత్తవాళ్ల కోసం ఒక మాట: ఎప్పుడూ మార్చేవాళ్ల ట్యాంక్ నీళ్లూ బోరు నీళ్లూ దాదాపు ఒకటిగానే ఉంటాయి కాబట్టి చేపకి తేడా తెలియదు. ఆరు నెలలు మార్చకుండా ఉంచి ఒక్కసారిగా మొత్తం మార్చినవాళ్ల చేపలు మర్నాడే పోవచ్చు. వారానికి నాలుగో వంతు దగ్గర మొదలుపెడితే ఏ ట్యాంక్‌కైనా ఇబ్బంది ఉండదు. బోరు నీళ్లయితే నేరుగా పోయకుండా బకెట్‌లో కాసేపు గిలకొట్టండి. భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటాయి.

బుడగల_ఇల్లు · జూన్ 5, సాయంత్రం 6:20

చుక్కల టెస్ట్ కిట్ తెప్పించాను. అమ్మోనియా 2 పీపీఎం (అంటే లీటరుకి 2 మిల్లీగ్రాములు). నైట్రైట్ 0.25. నైట్రేట్ దాదాపు ఏమీ లేదు. పీహెచ్ 7.8. పసుపుగా ఉండాల్సిన గొట్టం ఆకుపచ్చగా తిరగడం చూసి పాప చప్పట్లు కొట్టింది. నాకు గుండె జారింది.

ఇప్పుడు ఉన్నవి ఒక గోల్డ్‌ఫిష్, రెండు గప్పీలు, సక్కర్.

పాతతొట్టి · జూన్ 5, రాత్రి 8:10

ఇవాళ సగం నీళ్లు మార్చండి. రేపు మళ్లీ కొలిచి, అవసరమైతే ఇంకో సగం. ఆ తర్వాత రోజూ కొలవండి. అమ్మోనియా, నైట్రైట్ కలిపి 0.5 దాటిన రోజున మూడో వంతు మార్చాలి. కాస్త విసుగు పని, నెల రోజుల ముచ్చట.

దానికన్నా ముందు గోల్డ్‌ఫిష్‌నీ సక్కర్‌నీ ఎవరికైనా ఇచ్చేయండి. గోల్డ్‌ఫిష్ సరిగా పెరిగితే 20 సెంటీమీటర్లు దాటుతుంది, పదేళ్లకి పైగా బతుకుతుంది. గాజు గిన్నెలో చిన్నగా ఉండిపోయిందంటే ఆ గిన్నెకి సర్దుకుందని కాదు, ఎదుగుదల ఆగిపోయిందని. పిల్లలుగా అమ్మే సక్కర్లలో చాలావరకు 30, 40 సెంటీమీటర్లు వెళ్లే రకాలు. మీ ట్యాంక్ పొడవే 45. అది వెనక్కి తిరగడానికి కూడా చోటుండదు. పాచి తింటుందన్న మాట పిల్లగా ఉన్నప్పటిది. ఎదిగే కొద్దీ అది తినే పాచి కన్నా వదిలే మలం ఎక్కువ.

ఒక్క మనవి. చెరువులోనో కాలువలోనో వదలకండి. ఈ సక్కర్లు బయట నీళ్లలో స్థిరపడి అక్కడి చేపల పొట్ట కొట్టిన దేశాలు చాలా ఉన్నాయి.

గప్పీ_గుంపు · జూన్ 5, రాత్రి 8:32

మిగిలిన రెండు గప్పీల్లో ఆడది ఉందా? పొట్ట వెనక భాగంలో నల్ల మచ్చ ఉందేమో చూడండి. ఊరికే అడుగుతున్నా.

బుడగల_ఇల్లు · జూన్ 5, రాత్రి 8:50

ఒకటి రంగుల తోకది, ఒకటి బూడిదరంగుది లావుగా. మచ్చ ఉంది. ఏం, జబ్బా?

గప్పీ_గుంపు · జూన్ 5, రాత్రి 8:51

జబ్బు కాదు. తర్వాత మాట్లాడుకుందాం :)

బుడగల_ఇల్లు · జూన్ 7, మధ్యాహ్నం 12:05

మా ఆఫీసులో ఒకావిడకి పెద్ద ట్యాంక్ ఉంది. గోల్డ్‌ఫిష్, సక్కర్ రెండూ తీసుకున్నారు. పాప ఏడుస్తుందనుకున్నాను, "పెద్దింటికి వెళ్లింది" అని అందరికీ చెప్తోంది. ఆవిడ బదులుగా తన ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క కోసి, ట్యాంక్ నీళ్లతోనే కవర్‌లో వేసి ఇచ్చారు. బంగారు చేపని ఇచ్చి బురద స్పాంజి తెచ్చుకున్నావా అని మా అత్తగారు నవ్వారు.

పాతతొట్టి · జూన్ 7, మధ్యాహ్నం 12:30

ఆ బురదే బంగారం. ఎండిపోనీయకుండా వెంటనే మీ ఫిల్టర్‌లో, నీళ్లు పారే దారిలో పెట్టండి. నెల రోజుల పని రెండు మూడు వారాల్లో అయిపోవచ్చు. ఆవిడ ట్యాంక్‌లో జబ్బు చేపలు లేవు కదా? ఆ మాట అడగాల్సింది.

బుడగల_ఇల్లు · జూన్ 7, మధ్యాహ్నం 12:41

అడిగాను. ఏడాదిగా ఒక్క చేప కూడా పోలేదట.

నాచుపిచ్చి · జూన్ 7, రాత్రి 9:15

ఆలస్యంగా వచ్చాను. ఆ ప్లాస్టిక్ మొక్క తీసేసి నిజం మొక్కలు పెట్టండి. కష్టం ఏమీ లేదు. జావా ఫెర్న్, అనూబియాస్, జావా మోస్. మొదటి రెండింటికీ లావుపాటి దుంపలాంటి కాడ ఉంటుంది, దాన్ని రాళ్లలో పాతిపెడితే కుళ్లిపోతుంది. దారంతో రాయికో చెక్కకో కట్టండి. మోస్ అయితే ఊరికే పడేసినా పెరుగుతుంది. హార్న్‌వర్ట్‌కి వేర్లే అక్కర్లేదు, తేలుతూ అమ్మోనియాని బాగా లాగుతుంది.

లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు చాలు. టైమర్ పెట్టుకోండి. చాలామంది అందంగా ఉంటుందని నిద్రపోయేదాకా వెలిగించి, ఆ తర్వాత పాచి పట్టిందని ఇక్కడికొచ్చి ఏడుస్తారు. కిటికీ ఎండ నేరుగా పడనీయకండి.

1850 ప్రాంతంలో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త గాజు పాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా మొక్కలు పెట్టి చూశాడు. ఆకులు కుళ్లి నీళ్లు పాడవుతుంటే నత్తలు వేశాడు, అవి ఆ కుళ్లు తినేశాయి. మొక్క, చేప, నత్త ఒకదాన్నొకటి నిలబెట్టుకోవడం చూసి పొంగిపోయాడు. అప్పటికి ఈ నైట్రైట్ లెక్కలు అక్వేరియం వాళ్లెవరికీ తెలియవు. నా ట్యాంక్‌లో వాలిస్నేరియా ఇప్పుడు...

ఒంటరి_బెట్టా · జూన్ 7, రాత్రి 9:19

అన్నా, నీ వాలిస్నేరియా గురించి వేరే చర్చ నడుస్తోంది కదా :)

నాచుపిచ్చి · జూన్ 7, రాత్రి 9:20

సరే సరే.

తేటనీరు · జూన్ 9, ఉదయం 10:10

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ ఇలాంటి చిన్న ట్యాంకే. రెండు సందేహాలు. ఒకటి, మేం తాగేది ఆర్‌ఓ నీళ్లు, చేపలకీ అవే పోస్తే మంచిదే కదా? రెండు, వారానికి రెండు మూడు లీటర్లు ఆవిరైపోతాయి, అంత మళ్లీ పోస్తున్నాను. నీళ్లు మార్చినట్టే కదా?

మొప్పలు · జూన్ 9, ఉదయం 11:00

రెండోది ముందు, ఎక్కువమంది పొరపాటు పడేది అక్కడే. ఆవిరయ్యేది ఉత్త నీరు. అందులో ఉన్న నైట్రేట్, లవణాలు అన్నీ ట్యాంక్‌లోనే మిగులుతాయి. మీరు కొత్తగా పోసిన కుళాయి నీళ్లతో ఇంకొన్ని లవణాలు వచ్చి చేరతాయి. ఏడాది గడిస్తే ట్యాంక్ నీళ్లు కుళాయి నీళ్లకి పోలిక లేనంత చిక్కబడతాయి. అద్దం అంచున తెల్లటి గార కడుతోందా? అదే సాక్ష్యం. పోయడం వేరు, తీసి పోయడం వేరు.

ఆర్‌ఓ సంగతి. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు. చేపకి అవి కావాలి. ఇంకా ముఖ్యం, పీహెచ్‌ని పట్టి ఉంచే కార్బొనేట్లు కూడా పోతాయి. నైట్రేట్ తయారయ్యే పనిలో ఆమ్లం పుడుతుంది, ఆపేది ఏమీ లేకపోతే పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. మీ కుళాయి నీళ్లు మరీ కఠినమైతే సగం సగం కలుపుకోండి. మామూలుగా ఉంటే కుళాయి నీళ్లకి యాంటీ క్లోరిన్ కలిపి పోయడమే తేలిక. గప్పీ, మోలీ లాంటివి కఠినజలాన్నే ఇష్టపడతాయి.

పీహెచ్‌ని పెంచే సీసాలూ తగ్గించే సీసాలూ కొనకండి. 7.8 లో నిలకడగా ఉన్న ట్యాంక్ నయం, రోజుకో అంకె చూపించే 7.0 కన్నా.

బుడగల_ఇల్లు · జూన్ 13, ఉదయం 6:50

అద్దంలాంటి నీళ్లు రాత్రికి రాత్రి పాలు కలిపినట్టు తెల్లగా అయిపోయాయి. గప్పీలు మామూలుగానే ఉన్నాయి. అమ్మోనియా 0.5, నైట్రైట్ 0.5. నేను బకెట్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. కడిగేయనా?

పాతతొట్టి · జూన్ 13, ఉదయం 7:02

బకెట్ కింద పెట్టండి :) కొత్త ట్యాంకుల్లో ఇది మామూలే. నీళ్లలో తేలే వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగితే ఇలా తెల్లబడుతుంది. కొన్ని రోజుల్లో దానంతట అదే తేరుకుంటుంది. అంకె ప్రకారం మూడో వంతు మార్చండి, మేత సగానికి తగ్గించండి, నీళ్లు బాగా కదిలేలా చూడండి. ఆకుపచ్చగా అయితే అది వేరే కథ, లైటు ఎక్కువైందని.

మేత ఎంత వేస్తున్నారు?

బుడగల_ఇల్లు · జూన్ 13, ఉదయం 7:10

పాప వేస్తుంది. రెండు చిటికెలు, రెండు పూటలా. మా అత్తగారు చూడకుండా ఇంకో చిటికెడు వేస్తారని ఇప్పుడే తెలిసింది.

పాతతొట్టి · జూన్ 13, ఉదయం 7:18

రెండు గప్పీలకా! చేప కడుపు రమారమి దాని కన్నంత అనుకోండి. రెండు నిమిషాల్లో ఒక్క రేణువు మిగలకుండా తినేయాలి. రోజుకి ఒకసారి చాలు, వారానికి ఒక రోజు ఉపవాసం ఉన్నా మంచిదే. అవి అద్దం దగ్గరికొచ్చి తోకలాడించేది ఆకలితో కాదు, మిమ్మల్ని గుర్తుపట్టి. పూట తిన్నా, తినకపోయినా అలాగే వస్తాయి. ఒక వారం మేత చిన్న చిన్న పొట్లాలు కట్టి పెట్టండి. పొట్లం అయిపోయిందంటే ఆ రోజుకి ఎవరూ వేయకూడదు.

ఒంటరి_బెట్టా · జూన్ 13, ఉదయం 8:00

ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. ఫిల్టర్ వైరు సాకెట్‌లోకి నేరుగా కాకుండా కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా ఉంచండి, వైరు మీదుగా జారిన నీటిబొట్టు సాకెట్‌లోకి పోకుండా కింద రాలిపోతుంది. ట్యాంక్‌లో చెయ్యి పెట్టేముందు ప్లగ్ తీసేయండి. హీటర్ ఉన్నవాళ్లు నీళ్లు తీసేముందు తప్పనిసరిగా. అది నీళ్లలోంచి బయటపడి వేడెక్కితే గాజు పగులుతుంది. ట్యాంక్ కింద బల్ల గట్టిదేనా? నీళ్లు, గాజు, రాళ్లు కలిపితే మీది 50 కిలోల దగ్గర ఉంటుంది.

బుడగల_ఇల్లు · జూన్ 19, రాత్రి 9:30

నీళ్లు మూడు రోజులకే తేటపడ్డాయి. చేతులు కట్టుకుని కూర్చోవడం ఇంత కష్టమని తెలియదు. పాప ఒక నోట్‌బుక్ పెట్టింది, రోజూ గొట్టాల రంగు చూసి తనే పెన్సిళ్లతో దిద్దుతోంది. ఇవాళ్టి పేజీ: అమ్మోనియా 0, నైట్రైట్ 1, నైట్రేట్ 10. నైట్రైట్ తగ్గడం లేదు, రోజూ నీళ్లు మారుస్తూనే ఉన్నాను.

మొప్పలు · జూన్ 19, రాత్రి 10:05

అమ్మోనియా సున్నా అంటే మొదటి దళం దిగింది. రెండో దళం ఎప్పుడూ నెమ్మదే. మార్పిడి ఆపకండి. తోడుగా కొంచెం ఉప్పు కలపొచ్చు, ఏమీ కలపని ఉప్పు, 10 లీటర్లకి 2 గ్రాములు. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కి అడ్డం పడుతుంది. నీళ్లు మార్చినప్పుడు, మార్చిన నీళ్లకి సరిపడా మాత్రమే మళ్లీ కలపాలి. ట్యాంక్ మొత్తానికి లెక్కవేసి కలిపితే పోగుపడుతుంది.

నీటిబొట్టు · జూన్ 19, రాత్రి 10:20

ఉప్పు నేనెప్పుడూ వేస్తాను. ప్రతి వారం గుప్పెడు.

మొప్పలు · జూన్ 19, రాత్రి 10:26

అవసరం తీరాక ఆపేయాలి సార్. ఉప్పు నీళ్లతో పాటు ఆవిరవదు. మొక్కలకీ అంత మంచిది కాదు.

నీటిబొట్టు · జూన్ 19, రాత్రి 10:40

నా వాలిస్నేరియా ఆకులు చివర్లు మాడుతున్నాయి. దానికేనంటారా?

నాచుపిచ్చి · జూన్ 19, రాత్రి 10:41

వాలిస్నేరియా!! సార్, నా చర్చలోకి రండి.

బుడగల_ఇల్లు · జూలై 4, సాయంత్రం 5:45

అయిదు రోజులుగా వరసగా అమ్మోనియా 0, నైట్రైట్ 0. నైట్రేట్ 20. పాప నోట్‌బుక్‌లో రెండు పేజీలు ఒకే రంగు, బోర్ కొడుతోందట. రాయికి జావా ఫెర్న్ కట్టాను, మోస్ ఒక మూలన వేశాను. ఇప్పుడు కొత్త చేపలు తేవచ్చా?

పాతతొట్టి · జూలై 4, సాయంత్రం 6:15

తేవచ్చు, రెండో మూడో. ఉన్న బ్యాక్టీరియా ఉన్న చేపలకి సరిపడానే ఉంటుంది, ఒకేసారి ఆరు వేస్తే మళ్లీ మొదటికొస్తుంది. రెండు వారాలు ఆగి ఇంకో రెండు. నైట్రేట్ 20 బాగుంది, 40 దాటనీయకండి.

గప్పీ_గుంపు · జూలై 4, సాయంత్రం 7:00

వేసేముందు విడిగా ఉంచండి, చిన్న డబ్బాలో అయినా సరే, రెండు మూడు వారాలు. నా కథ వినండి. కొత్త చేపని కవర్‌లో నీళ్లతో సహా ట్యాంక్‌లో గుమ్మరించాను. వారంలో అన్నిటికీ ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. మందు వేశాను, మూడు రోజులకి చుక్కలు పోయాయి, గెలిచాననుకుని ఆపేశాను. అయిదారు రోజులకి రెట్టింపు చుక్కలు.

తర్వాత తెలిసింది. ఆ పరాన్నజీవి చుక్కగా చేప ఒంటి మీద ఉన్నంతసేపూ మందు దాన్ని తాకదు. అది రాలి అడుగున పడి, వందల పిల్లలుగా విడిపోయి, కొత్త చేపని వెతుక్కుంటూ ఈదేటప్పుడే మందుకి చిక్కుతుంది. చుక్కలు పోయాక కూడా సీసా మీద రాసినన్ని రోజులూ వేయాలి. సగం చేపలు పోయాకే ఈ సంగతి చదివాను.

కవర్‌ని పావుగంట తేలనిచ్చి, కొంచెం కొంచెం ట్యాంక్ నీళ్లు కలిపి, చేపని వలతో తీసి వేయండి. కవర్ నీళ్లు పారబోయండి. నత్తలో రొయ్యలో ఉంటే రాగి ఉన్న మందులు వాడొద్దు, చచ్చిపోతాయి.

బుడగల_ఇల్లు · జూలై 11, ఉదయం 6:30

కొత్త చేపలు తేవాల్సిన పని లేకుండా పోయింది. పొద్దున లైటు వేస్తే మోస్‌లో ఏవో కదులుతున్నాయి, రెండు కళ్లూ ఒక తోకా తప్ప ఏమీ లేవు. పిల్లలు! ఉన్నది ఒక్క ఆడదే కదా. మగది పోయి వారమైంది, ఆ మాట ఇక్కడ రాయడానికి మనసొప్పలేదు. మరి ఇదెలా?

గప్పీ_గుంపు · జూలై 11, ఉదయం 6:44

జూన్ 5న నేను అడిగిన మచ్చ ఇదే :) ఆడ గప్పీ ఒక్కసారి జతకడితే మగ బీజాన్ని నెలల తరబడి దాచుకుంటుంది. మగది లేకపోయినా రమారమి నెలకోసారి ఈనుతూనే ఉంటుంది. తల్లే పిల్లల్ని తినేస్తుంది, మోస్ ఇంకా దట్టంగా వేయండి. మేతని వేళ్ల మధ్య నలిపి పొడి చేసి చల్లండి, రోజుకి మూడుసార్లు, చిటికెలో పదో వంతు. ఫిల్టర్ నీళ్లు లాగే మూతికి స్పాంజి ముక్క తొడగండి, లేకపోతే అందులోకి పోతాయి.

పాతతొట్టి · జూలై 11, ఉదయం 7:15

మగదాని సంగతి చెప్పాల్సింది అమ్మా. ఏం లక్షణాలు?

బుడగల_ఇల్లు · జూలై 11, ఉదయం 7:40

ఏమీ లేవండీ. మొదటి రోజుల్లోనే దాని తోక చివర్లు చీలిపోయి ఉన్నాయి, తర్వాత పూర్తిగా కోలుకోలేదు. కొలతలన్నీ సరిగానే ఉన్నాయి, నోట్‌బుక్ చూశాను.

పాతతొట్టి · జూలై 11, ఉదయం 7:52

జూన్‌లో మొప్పలు దెబ్బతిన్నవి కొన్ని తర్వాత కూడా అలా పోతాయి. ఇప్పుడు మీరు చేయగలిగింది ఏమీ లేదు. పిల్లలెన్ని?

బుడగల_ఇల్లు · జూలై 11, ఉదయం 8:05

నా లెక్క తొమ్మిది. పాప లెక్క పదకొండు. స్కూలుకి టైమవుతోంది, ఇంకా అద్దం దగ్గరే కూర్చుని ఆరోదానికి పేరు వెతుకుతోంది.